వెనక చిల్లులున్న హెడ్‌ఫోను

మా మనవరాలు హెడ్‌ఫోను కొన్నది. చవగ్గా వచ్చిందని సంబరంగా నా చేతిలో పెట్టింది. చవగ్గా వచ్చిందన్న వస్తువును నేను ముందు తిరగేసి చూస్తాను. తిరగేశాను. చెవుల మీద కూర్చునే గిన్నెల వెనక భాగమంతా జల్లెడలాగా చిల్లులు.

"చూసుకోకుండా తెచ్చినావు. చిల్లులు పడిన సరుకు నీకు అంటగట్టినారు" అన్నాను.

"చిల్లులు పడలేదవ్వా, కావాలనే పెడతారు. ఓపెన్ బ్యాక్ అంటారు వీటిని. గాలి ఆడతాది, చెవులు ఉడకవు. పాట కూడా ఎదురుగా కూచొని పాడినట్టు ఉంటాది. పెట్టుకొని చూడు."

నేను పెట్టుకోలేదు. దాని తలకే పెట్టి, పాట నడపమని చెప్పి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాను.

"అదేందవ్వా, నువ్వు అంత దూరం పోతే బాగుందో లేదో ఎట్లా తెలుస్తాది?"

"తెలుస్తాది. నువ్వు గమ్మునుండు."

నాలుగడుగుల దూరానికి పాట వినబడింది. ఆడగొంతు, వెనక తబలా. ఆరో అడుగు దగ్గర తబలా పోయింది. తర్వాత నేను పెట్టుకున్నాను. తల మీద బరువు లేదు, దవడ నొక్కలేదు, శబ్దం శుభ్రంగా ఉంది. "మంచిదే, ఉంచుకో. కానీ దీన్ని పెట్టుకొని గోడ పక్కన కూచోవద్దు" అన్నాను. ఎందుకని అడిగింది. నోటితో చెబితే సగంలో నవ్వేస్తుందని రాసి పెడుతున్నాను.

హెడ్‌ఫోను సంగతి నాకెవరూ నేర్పలేదు. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన వేసవిలో నేర్చుకున్నాను.

అప్పటికి నేను కడప జిల్లా నుంచి కువైట్ పోయి మూడేళ్ళయింది. ఒక పెద్ద ఇంట్లో వంటా, ఇల్లు శుభ్రం చేయడమూ నా పని. ఇంటి పెద్దామెను మామా అనేదాన్ని, ఆమె భర్తను బాబా. ఆయనే నా కఫీల్, అంటే ఆ దేశంలో నాకు పూచీ. విమానం దిగిన రోజే నా పాస్‌పోర్టు తీసుకొని తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. అందరి పాస్‌పోర్టులూ అంతేనని చెప్పారు. అయినా ఆ బీరువా తుడిచినప్పుడల్లా తలుపు ఒకసారి లాగి చూసేదాన్ని, ఎప్పుడైనా మరిచిపోయి తెరిచి పెట్టారేమోనని.

ఇంటికి ఉత్తరం రాయాలంటే నాకు రెండు శుక్రవారాలు పట్టేది. మా ఆయనకు చదువే లేదు. నా ఉత్తరం పోతే పోస్టుమ్యాన్ చదివి వినిపించాలి. మొగుడూ పెళ్ళాల మాట పోస్టుమ్యాన్ నోట్లో పడితే సాయంత్రానికి వీధి చివరి దాకా పోతుంది. అందుకని అక్కడ మనవాళ్ళందరూ చేసే పనే మేమూ చేశాం. క్యాసెట్టులో మాట్లాడి, సెలవు మీద పోయేవాళ్ళ చేతికి ఇచ్చి పంపేవాళ్ళం. వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు ఇంటి నుంచి క్యాసెట్టు తెచ్చేవాళ్ళు.

మామా చిన్న కొడుకు కొత్తది కొనుక్కొని, నడుముకు తగిలించుకునే తన పాత టేపు నాకు ఊరికే ఇచ్చాడు. రేడియో కూడా ఉంది దాంట్లో, మన మాట రికార్డు చేసే మీట కూడా ఉంది. ఊరికే ఎందుకిచ్చాడా అని చూస్తే దానికి స్పీకరే లేదు. హెడ్‌ఫోను పెడితేనే వినబడుతుంది. అతని హెడ్‌ఫోను ఎప్పుడో విరిగిపోయిందట. ఖర్చు నా మీదికి తోసి, ఇచ్చినవాడు అనిపించుకున్నాడు. సరేలెమ్మనుకున్నాను. మాటలు నా చెవిలోనే పడతాయి కదా, ఇంకొకరు వినే భయం ఉండదు.

హెడ్‌ఫోను కొనడానికి మిర్కాబ్ బజారుకు పోయింది ఒక శుక్రవారం. మామా ఇంటి డ్రైవరు అటువైపు పని ఉండి కారులో ఎక్కించుకున్నాడు. ఆయనది నిజామాబాద్ వైపు. నా కంటే నాలుగేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు. పిలుపు బాగానే ఉండేది కానీ, మనిషి ఊరికే నవ్వేవాడు. ఊరికే నవ్వే మనిషిని నేను నమ్మను.

అంగడాయన మలయాళీ. హిందీలో మాట్లాడాడు. రెండు రకాలు గాజుపెట్టె మీద పెట్టాడు. ఒకటి చెవిని మొత్తం మింగేసే రెగ్జిన్ గిన్నెలది, ధర ఎక్కువ. రెండోది సన్నని రేకు కమ్మీ, దాని రెండు కొసలకూ స్పాంజి బిళ్ళలు, బిళ్ళల వెనక చిల్లులు. ధర అందులో సగం కూడా లేదు. అప్పుడే అనుమానం వచ్చింది.

"ఈ చిల్లులెందుకు? సగం సరుకు అమ్ముతున్నావా?"

"గాలి కోసం, అమ్మా. చెవికి చల్లగా ఉంటుంది."

నాకు అది చాలలేదు. రెండింటినీ పెట్టుకొని చూశాను. ముందు సుఖం. నా కొప్పు మీద కమ్మీ ఎట్లా కూర్చుంటుంది, తలకు కట్టుకున్న గుడ్డ మీద నిలుస్తుందా, కిందికి వంగి నేల తుడిస్తే జారిపోతుందా. అంగట్లోనే వంగి చూశాను. నోట్లో ఏదో నములుతున్నట్టు దవడ ఆడించాను. రెగ్జిన్‌ది చెవుల వెనక ఎముకను పట్టకారులాగా పట్టింది, ఐదు నిమిషాలకే చెవులు చెమట పట్టాయి. స్పాంజిది ఉన్నట్టే లేదు. చెవి మీద ఈగ వాలినంత బరువు.

తర్వాత శబ్దం. అంగడాయన పెట్టే పాటను నేను ఒప్పుకోలేదు. వాళ్ళ సరుకులో ఏది బాగా పలుకుతుందో ఆ పాటే పెడతారు. మా ఆయన క్యాసెట్టు వెంట తీసుకుపోయాను. మా ఆయన దగ్గు నాకు తెలుసు. బీడీ దగ్గు ఒకటి, మాట తోచక దగ్గే దగ్గు ఒకటి. రెగ్జిన్‌దాంట్లో రెండూ ఒకే తీరుగా, గాదెలోంచి వచ్చినట్టు వినబడ్డాయి. స్పాంజిదాంట్లో దేనికది తెలిసిపోయింది. ఆయన వెనకాల ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు, కొట్టేవాళ్ళ గాజుల చప్పుడు కూడా వినబడింది.

మా ఇంటి బోరింగు దగ్గర ఆ గాజులెవరివని ఆలోచన పట్టుకుంది. తర్వాతి క్యాసెట్టులో అడిగాను. ఆయన చెల్లెలట. ఆ గాజులు నాకు తెలుసు, నిజమే.

అన్నిటికంటే పెద్ద పరీక్ష చివరిది. ఇంటిపని మనిషి చెవులు మూసుకుంటే పని పోతుంది. మామా ఎక్కడి నుంచి పిలిచినా ఒక్క పిలుపుకే పలకాలి. అందుకని డ్రైవరును అంగడి గడప దగ్గర నిలబెట్టి, మెల్లగా పిలవమన్నాను. రెగ్జిన్‌ది పెట్టుకుంటే ఆయన నోరు కదిలింది తప్ప మాట రాలేదు. స్పాంజిది పెట్టుకుంటే, క్యాసెట్టు నడుస్తుండగానే స్పష్టంగా వినబడింది.

"అక్కా! హెడ్‌ఫోన్ కొంటున్నవా, పెండ్లి సంబంధం జూస్తున్నవా?"

స్పాంజిదే కొన్నాను. బేరమాడే కొన్నాను. అన్నీ చూశాననుకున్నాను. బయటి మాట లోపలికి వస్తుందా అని చూశాను గానీ, లోపలి మాట బయటికి పోతుందా అని చూడలేదు.

డ్రైవరు గది గేటు పక్కన. మధ్యాహ్నం పని తెమిలాక నేను వంటింటి వెనక మెట్ల మీద కూర్చొని, ఉల్లిగడ్డలో వెల్లుల్లో వలుచుకుంటూ క్యాసెట్టు వినేదాన్ని. ఆ మెట్లకు అవతల నడుమెత్తు గోడ. ఆయన టీ గ్లాసు పట్టుకొని ఆ గోడకు అవతలి వైపు ఆనుకొని కూర్చునేవాడు, నీడ అక్కడే ఉండేది కాబట్టి. టేపు శబ్దం నేను చివరికంటా పెంచేదాన్ని. డబ్బులిచ్చి కొన్నదాన్ని సగం వాడడమెందుకు? పైగా మా ఆయన టేపులో మాట్లాడమంటే, సముద్రం దాటి వినబడాలన్నట్టు అరుస్తాడు.

ఆ రోజుల్లో వంటింట్లో చక్కెర తగ్గుతూ ఉండేది. డబ్బాలో చక్కెరను నేను రోజూ గరిటెతో చదును చేసి పెడతాను. తెల్లారి చూస్తే ఒక పక్క గుంట. మామా టీలో చక్కెర వేసుకోదు. నేను తీయలేదు. మిగిలింది ఎవరు? ఈ సంగతి క్యాసెట్టులో ఇంటికి చెప్పుకున్నాను. రెండు నెలలకు మా ఆయన జవాబు వచ్చింది.

"ఏమే, బాగుండావా? ఆ నిజామాబాదోడు ఉండాడే, వాడు ఈ పొద్దు చక్కెర తీసినోడు రేపు బస్తాలు మోసకపోతాడు. వాని మొగం జూడాకు. వాడు నవ్వితే నువ్వు నవ్వాకు. బొంతలో కుట్టుకున్న గొలుసు జాగర్త. వానికి తెలిసిందంటే నీకు బొంత గూడా మిగలదు. దొంగనాయాలు!" ఆ తర్వాత బీడీ దగ్గు.

నా తాళిగొలుసు కాక ఇంకొక గొలుసు ఉండేది. దాన్ని నా పాతచీరల బొంతలో ఒక మూల కుట్టి పెట్టుకున్నాను. పెట్టెలో పెడితే పెట్టె పోతుంది, బొంతను ఎవరు ఎత్తుకుపోతారు? రోజూ దాన్ని ఎండకు గోడ మీద ఆరేసేదాన్ని. ఒకసారి ఉన్నట్టుండి దుమ్ముగాలి లేస్తే నేను మేడ మీద ఉన్నాను. దిగి వచ్చేసరికి డ్రైవరు బొంతను దులిపి, మడతపెట్టి, వంటింటి గడప దగ్గర పెట్టి ఉంచాడు. అంత మంచితనం ఎందుకో అర్థం కాలేదు. ఆ మూల విప్పి గొలుసు చూసుకొని మళ్ళీ కుట్టుకున్నాను.

ఆ జవాబు క్యాసెట్టును నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. చేదు మాటైనా ఇంటి మాట. నేను వింటున్నప్పుడల్లా గోడ అవతల ఆ మనిషి టీ తాగుతూ ఊరికే నవ్వుకునేవాడు. ఎందుకు నవ్వుతున్నాడో అని నేను ఇంకా ఎక్కువ అనుమానపడేదాన్ని.

ఇరాక్ సైన్యం వచ్చిన రోజు నేను పొద్దున్నే పాలు కాస్తున్నాను. దూరంగా ఏవో మోతలు. ఎక్కడో ఇల్లు కూలుస్తున్నారనుకున్నాను. డ్రైవరు గేటు వేసి గొళ్ళెం పెట్టి లోపలికి వచ్చి, "అక్కా, స్టవ్ బంద్ జెయ్యి. మామాను లేపు. రోడ్డు మీద ట్యాంకులున్నయ్" అన్నాడు. ఆ రోజు ఆయన నవ్వలేదు.

బాబా, కొడుకులు వేసవికని ముందే దేశం బయటికి పోయి ఉన్నారు. మోకాళ్ళ నొప్పులని మామా ఒక్కతే ఆగిపోయింది. అంత పెద్ద ఇంట్లో మేము ముగ్గురమే మిగిలాం. డ్రైవరు పొద్దున పోయి కుబ్బూసు రొట్టెల కోసం వరసలో నిలబడేవాడు. నేను బియ్యాన్ని గ్లాసుతో కొలిచి వండేదాన్ని. చక్కెర డబ్బాను నా గదిలోకి మార్చుకున్నాను.

పెద్ద రేడియో బయట కనబడితే తీసుకుపోతారని మామా దాన్ని మంచం కింద దాచేసింది. నా చిన్న టేపు అడిగింది, అందులోని రేడియో కోసం. రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక హెడ్‌ఫోను పెట్టుకొని బయటి దేశాల వార్తలు వినేది. నేను ఆమె మోకాళ్ళకు నూనె రాస్తూ ఆమె మొహం చూసేదాన్ని. మొహంలో ఏమీ తెలిసేది కాదు. ఏమి చెప్పారు మామా అంటే, "మా ఫీ షై" అనేది, ఏమీ లేదని. ఏమీ లేనిదానికి గంటసేపు ఎందుకు వింటున్నావని అడగాలని ఉండేది.

రెండు వారాలైనాక డ్రైవరు రొట్టెల వరస నుంచి ఒక కబురు తెచ్చాడు.

"మనోళ్ళు పోతున్నరక్కా. బస్సులు వెడ్తున్నరంట. బస్రా, బగ్దాద్ మీదికెళ్ళి అమ్మాన్ దాంక. ఆడికెళ్ళి విమానంల ఇండియాకు. ఒక బడి దగ్గర పేర్లు రాస్తున్నరు. పాస్‌పోర్ట్ ఉండాలె."

పాస్‌పోర్టు బీరువాలో ఉంది. తాళంచెవి మామా నడుముకు ఉంది. ఆమెను ఎట్లా అడగాలా అని నేను ఒక రోజంతా మాటలు కూడబెట్టుకుంటే, మర్నాడు ఆమే బీరువా తెరిచి మా ఇద్దరి పాస్‌పోర్టులూ మంచం మీద పెట్టింది. చేతితో తలుపు వైపు చూపిస్తూ, మీకు ఇక్కడ ఇంకేముంది, యల్లా, మీ పిల్లల దగ్గరికి పొండి అన్నది. తన చెల్లెలు వచ్చి తోడుంటుందట.

మూడేళ్ళు తాళం వేసి ఉన్న బీరువా ఇంత సులువుగా తెరుచుకుంటే నాకు భయం వేసింది. ఇంట్లో రెండు నోళ్ళు తగ్గించుకుందామనా? పాస్‌పోర్టును విప్పి ప్రతి కాగితం చూసుకున్నాను. నా ఫోటో, నా వేలిముద్ర లాంటి నా సంతకం, అన్నీ ఉన్నాయి. దాన్ని రవికలో పెట్టుకున్నాను.

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. పేరు రాయించాలంటే ఆ బడికి పోవాలి. దారిలో ఎన్నో చెక్‌పోస్టులు. ఆడమనిషిని తీసుకుపోవద్దని, ఆపితే కష్టమని డ్రైవరు అన్నాడు.

"పాస్‌పోర్ట్ నాకియ్యక్కా. ఇద్దరి పేర్లు రాపిచ్చుకొస్త."

"నా పాస్‌పోర్టు నీకెందుకియ్యాల?"

"పేరు రాసేటోనికి నీ మొకం జూపియ్యాలె గద. నిన్ను తీస్కపోను రాకపాయె."

"నువ్వు అటే బస్సెక్కి పోతే?"

"నీ పాస్‌పోర్ట్ మీద నేనెట్ల ఎక్కుతనే అక్కా? మీసాలు జూడరా వాళ్ళు?"

నేను నవ్వలేదు. పాస్‌పోర్టు పోతే నేను ఆ దేశంలో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఇంటికి పోయే దారి ఆ చిన్న పుస్తకం ఒక్కటే. దాన్ని చక్కెర దొంగ చేతిలో పెట్టాలా? రెండు రోజులు ఇవ్వలేదు. రోజూ పొద్దున అడిగేవాడు, రోజూ వద్దనేదాన్ని. "బస్సులు మనకోసం ఆగయక్కా" అనేవాడు. అడిగినకొద్దీ నాకు అనుమానం పెరిగేది. వాడికేం అంత తొందర?

మూడో రోజు మధ్యాహ్నం మామా వార్తలు వింటూ, వీధిలో ఏదో బండి ఆగినట్టుందని ఏసీ ఆపమన్నది. ఆపాను. ఫ్రిజ్ కూడా ఆపమన్నది. ఇల్లంతా ఒక్కసారి చడీచప్పుడు లేకుండా అయిపోయింది. మూడేళ్ళలో ఆ ఇంటిని అంత నిశ్శబ్దంగా నేను చూడలేదు. వీధిలో బండి ఆగలేదు, పోయింది. కానీ గదిలో ఎవరో మగమనిషి అరబ్బీలో మాట్లాడుతున్నాడు.

తలుపు వెనక చూశాను. పరదా ఎత్తి చూశాను. ఎవరూ లేరు. మాటలు మాత్రం ఆగలేదు. తిరిగి చూస్తే ఆ మాటలు మామా తల నుంచి వస్తున్నాయి. హెడ్‌ఫోను చిల్లుల్లోంచి. నేను గది గడప దగ్గర ఉన్నాను. అయినా ఒక్కో మాట విడివిడిగా వినబడుతోంది.

మామా మోకాలి నూనె గిన్నె అక్కడే వదిలేసి వంటింటి వెనక మెట్ల దగ్గరికి పోయాను. నేను కూర్చునే చోటు నుంచి గోడకు ఎంత దూరమో చూశాను. గోడ అవతల ఆయన కూర్చునే చోటు చూశాను. రెండడుగులు. మధ్యలో గోడ నడుమెత్తే.

అంటే అన్నీ విన్నాడు. దొంగనాయాలు అన్నది విన్నాడు. బస్తాలు మోసకపోతాడన్నది విన్నాడు. గొలుసు బొంతలో ఉందన్నది కూడా విన్నాడు, నేను తిప్పి తిప్పి విన్న ప్రతిసారీ.

లోపలికి పరిగెత్తి బొంత మూల విప్పాను. నా కుట్టు నా కుట్టే. గొలుసు గొలుసే.

ఆయన రొట్టెలు తెచ్చి గోడ అవతల టీ తాగుతున్నాడు. పోయి ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు నా క్యాసెట్టు విన్నావా?"

"ఏ క్యాసెట్ అక్కా?"

"ఏ క్యాసెట్టేంది? ఎన్ని విన్నావు?"

"నువ్వెన్ని విన్నవో గన్ని. నేనేమన్న కావాలని ఇన్ననా? మీ ఆయన గొంతు సన్నగుంటదా? ఈడ చాయ్ తాగుతుంటే నా పక్కకు కూసొని తిట్టినట్టే ఉండె."

"తిట్లన్నీ వినీ గమ్మున ఉన్నావా?"

"ఏం జెయ్యమంటవ్? గీ దేశంల నన్ను తెలుగుల తిట్టెటోళ్ళు ఇంకెవరున్నరు?" అని, గ్లాసు అడుగున మిగిలిన టీ తాగేసి, "చక్కెర మాత్రం నేనే దీసిన. గది నిజం. గని బస్తాలు గాదక్కా, చాయ్‌కు మూడు చెంచాలు" అన్నాడు.

"గొలుసు సంగతి?"

"దుమ్ము లేసిన్నాడు బొంత ఎవరు మడతవెట్టిన్రు? ఒక మూల బరువుండె. మీ ఆయన చెప్పింది నిజమే అనుకున్న."

అప్పటికప్పుడు ఆ మనిషి మంచివాడని నేను అనుకోలేదు. చేతికి అందిన గొలుసును తీయలేదంటే భయమైనా అయి ఉండాలి, బుద్ధి అయినా అయి ఉండాలి. ఏదైతే నాకేం? అదే నా పాస్‌పోర్టును కూడా కాపాడుతుంది. అయినా ఊరికే ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

"నీ పెట్టె తాళంచెవి ఇచ్చిపో" అన్నాను.

మెడలో దారానికి ఉన్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. నేను పాస్‌పోర్టు ఇచ్చాను. అది చేతిలోంచి పోయాక రవిక మరీ తేలిగ్గా అనిపించింది.

తెల్లారి పొద్దున పోయిన మనిషి మధ్యాహ్నానికి రాలేదు. సాయంత్రానికీ రాలేదు. మామా అడిగితే వస్తాడన్నాను. నాలో మాత్రం మా ఆయన గొంతే వినబడుతోంది, ఏ హెడ్‌ఫోనూ లేకుండా. మర్నాడు పొద్దునకూ రాకపోతే ఆగలేక పోయి ఆయన పెట్టె తెరిచాను. బట్టలు ఉన్నాయా, తీసుకొని పోయాడా అని చూడడానికే. బట్టలన్నీ ఉన్నాయి. ఇంటికి తీసుకుపోయే చీర, అట్ట కూడా విప్పనిది, ఉంది. ఇవి వదిలి పోయే మనిషి కాడని కొంచెం ఊపిరి తీసుకున్నాను. చీర కింద పాలపొడి డబ్బా ఒకటి. మూత తీస్తే నిండా చక్కెర.

మూడు చెంచాలట! పైపైన చదును కూడా చేసి పెట్టాడు, నా లాగే. సగం వంచుకొని పొట్లం కట్టుకున్నాను. మిగిలినదాన్ని మళ్ళీ చదును చేసి మూత పెట్టాను.

రెండో రోజు మధ్యాహ్నం గేటు చప్పుడైంది. డ్రైవరు నడిచి వచ్చాడు. కారును ఒక చెక్‌పోస్టు దగ్గర సైనికులు తీసుకున్నారట. రాత్రి మనవాళ్ళ గదిలో తలదాచుకొని, ఎండలో అంత దూరమూ నడిచాడు. చెప్పులు తెగి ఒకదానికి గుడ్డపేలిక కట్టి ఉంది. నీళ్ళు అడగకముందే చొక్కా లోపలి నుంచి నా పాస్‌పోర్టు తీసి ఇచ్చాడు. చెమటకు అట్ట తడిసి ఉంది. లోపల ఒక చీటీ, మా ఇద్దరి పేర్లూ, బస్సు నంబరూ.

"ఎల్లుండి పొద్దుగాల" అన్నాడు. "కాయితాలన్నీ ఉన్నయో లేవో సూసుకో అక్కా. నువ్వు సూస్తవని నాకెరికె."

చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. తాళంచెవి తిరిగి ఇచ్చాను. పెట్టె తెరిచానని చెప్పలేదు.

పోయే రోజు మామా చెల్లెలు వచ్చింది. మామా నా టేపును చేతిలో పట్టుకొని, అడగలేక నా వైపు చూసింది. నాది నేను వదిలిపెట్టే మనిషిని కాను. కానీ ఆమెకు ఆ గంటసేపు వార్తలు తప్ప ఇంకేమీ లేవు. ఇచ్చేశాను. ఇచ్చే ముందు హెడ్‌ఫోను ఆమె తలకు పెట్టి, రేడియో నడిపి, ఏసీ ఆపి, నేను గది దాటి, హాలు దాటి, వీధి గేటు దాకా నడిచాను. ఎక్కడి దాకా వినబడుతుందో చూశాను. తిరిగి వచ్చి శబ్దం ఎంతలో పెట్టాలో చక్రం మీద గోటితో గీత గీసి చూపించాను. చిల్లుల మీద అరచేతులు మూసి పట్టుకోమన్నాను. కిటికీ పక్కన కూర్చోవద్దన్నాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి ఏదో దీవించింది. అరబ్బీలో, చాలా సేపు. ఈసారి నేను అనుమానించలేదు.

క్యాసెట్టు మాత్రం నా వెంటే తెచ్చుకున్నాను.

బస్సులో, తర్వాత ఇంకో బస్సులో, తర్వాత ఎడారిలో గుడారాల కింద, ఎన్ని రోజులో నాకు సరిగ్గా గుర్తు లేదు. గొలుసు ఉన్న బొంతనే ఇద్దరి సామానుకూ ఎండ తగలకుండా కప్పాం. నేను నీళ్ళకు పోతే ఆయన దాని పక్కన కూర్చునేవాడు. ఆయన పోతే నేను ఆయన పెట్టె మీద కూర్చునేదాన్ని. సరిహద్దు దాటాక ఒక గుడారం దగ్గర ఎవరో అందరికీ టీ పోశారు. పాలు లేవు, చక్కెర లేదు. నల్లగా, చేదుగా ఉంది. ఆయన పెట్టె తెరిచి డబ్బా తీశాడు. మూత తీసి ఒకసారి లోపలికి చూశాడు. ఒకసారి నన్ను చూశాడు.

"డబ్బ సగమైంది అక్కా."

"దారిలో కుదుపులకు అణిగి ఉంటాది."

"గంతే అయ్యుంటది" అని, పక్కన గుడారంలో పిల్లలతో ఉన్న ఒక తల్లికి డబ్బా మొత్తంగా ఇచ్చి వచ్చాడు. తన టీ చేదుగానే తాగబోయాడు.

నేను కొంగు ముడి విప్పాను. పొట్లం విప్పాను. ఆయన చూశాడు గానీ ఎక్కడిదని అడగలేదు. చెంచా లేదు కాబట్టి చిటికెలతో వేశాను.

"మూడేనా, ఇంకా వెయ్యాల్నా?" అన్నాను.

"నాలుగేస్తే మీ ఆయనకు టేపుల జెప్పవు గద?"

"టేపు యాడుంది? మామాకు ఇచ్చొస్తిని" అని నాలుగోది కూడా వేశాను.